అంజీర్ పింత్సా: వెనెతో పల్లెల మొక్కజొన్న కేక్ ఇంట్లో ఎలా చేయాలి

"పైన ఎర్రగా కాలింది, లోపల మాత్రం ముద్దముద్దగా ఉండిపోయింది. ఇంకో అరగంట ఓవెన్‌లో పెట్టినా మారలేదు. ఎక్కడ తేడా వచ్చింది?" అంజీర్, మొక్కజొన్న పిండి కలిపి చేసే ఈ ఇటలీ కేక్ గురించి ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. తప్పు దాదాపు ఎప్పుడూ ఓవెన్ దగ్గర జరగదు, పొయ్యి దగ్గరే జరుగుతుంది. పింత్సా రెండుసార్లు ఉడికే కేక్. ముందు పిండిని పాలూ నీళ్లలో పూర్తిగా ఉడికించాలి, ఆ తర్వాతే ఓవెన్. పొయ్యి మీద తొందరపడితే ఓవెన్‌లో సరిదిద్దలేం. అందుకే ఆ భాగాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఇది ఇటలీ ఈశాన్య మూలన ఉన్న వెనెతో ప్రాంతపు వంట. వెనిస్‌కు ఉత్తరాన ఉన్న త్రెవీజో చుట్టుపక్కల ఊళ్లలో జనవరి 5 రాత్రి, అంటే తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసును దర్శించుకున్న ఎపిఫనీ పండుగ ముందు రోజు, ఊరి బయట పెద్ద మంటలు వేస్తారు. ఆ మంటను పానెవిన్ అంటారు. నిప్పురవ్వలు ఎటు ఎగిరాయో చూసి ఆ ఏడాది పంట ఎలా ఉంటుందో చెప్పుకుంటారు. మంట చుట్టూ నిలబడి పింత్సా ముక్కలు తింటూ, దాల్చినచెక్క, లవంగాలు వేసి కాచిన ఎర్ర వైన్ తాగుతారు. ఓవెన్లు లేని రోజుల్లో పిండిముద్దను క్యాబేజీ ఆకుల్లో చుట్టి పొయ్యిలో నిప్పుల కింద పెట్టి కాల్చేవారు. రైతు ఇళ్లలో చలికాలానికి మిగిలేవి మొక్కజొన్న పిండి, ఎండబెట్టిన అంజీర్, కిస్‌మిస్, నాలుగు ఆపిల్స్, సోంపు. కేక్‌లో ఉండేవీ అవే.

కాబట్టి స్పాంజిలా పొంగే మెత్తటి కేక్ కోసం చూడకండి. పింత్సా బరువుగా, తడిగా, గట్టి ముక్కగా కోసుకునేలా ఉంటుంది. కొరికితే సోంపు, అంజీర్ గింజలు పంటికి తగలాలి.

వీడియోలు వెతికేవాళ్లకు ఒక హెచ్చరిక. త్రియెస్తెలో పింత్సా అంటే ఈస్టర్‌కు చేసే తీపి బ్రెడ్. బొలోన్యాలో పండ్ల జామ్ లోపల పెట్టి చుట్టే పిండివంట. రోమ్‌లో దొరికే పిన్సా పిజ్జా లాంటిది. మనకు కావలసింది వెనెతో పింత్సా. మొక్కజొన్న పిండి, అంజీర్, సోంపు మూడూ ఉన్న వంటకమైతేనే చూడండి.

కావలసినవి

8 అంగుళాల చదరపు టిన్‌కు, 5 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. పన్నెండు నుంచి పదహారు ముక్కలు వస్తాయి.

- సన్నటి పసుపు మొక్కజొన్న పిండి 200 గ్రాములు
- మైదా 100 గ్రాములు
- పాలు 400 మి.లీ., నీళ్లు 300 మి.లీ.
- చక్కెర 120 గ్రాములు
- వెన్న 80 గ్రాములు
- ఎండు అంజీర్ 150 గ్రాములు
- కిస్‌మిస్ 80 గ్రాములు
- ఆపిల్ ఒకటి, గట్టిది
- చిల్గోజా (పైన్ నట్స్) లేదా అక్రోట్ 40 గ్రాములు
- చక్కెర పాకంలో ఊరిన నారింజ తొక్క 40 గ్రాములు
- సోంపు 2 టీస్పూన్లు
- ఒక నారింజ పైతొక్క తురుము
- గ్రాపా (ఇటలీ ద్రాక్ష సారా; బదులు ఏం వేయొచ్చో కింద ఉంది) 3 టేబుల్ స్పూన్లు
- బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్
- ఉప్పు అర టీస్పూన్

గుడ్డు లేదని కంగారు పడకండి. చాలా ఇళ్లలో గుడ్డు లేకుండానే చేస్తారు, ఉడికిన మొక్కజొన్న పిండే అన్నిటినీ పట్టి ఉంచుతుంది.

మొక్కజొన్న పిండి కొనేటప్పుడు

ఎక్కువ కేకులు దుకాణంలోనే పాడవుతాయి. మన దగ్గర కార్న్‌ఫ్లోర్ అని అమ్మే తెల్లటి పొడి మొక్కజొన్న గంజి పొడి. దాంతో చేస్తే జిగురు ముద్ద తప్ప కేక్ రాదు. మీరు అడగాల్సింది మొక్కజొన్న పిండి, తెలంగాణలో మక్కపిండి. ఉత్తరాది సరుకులు అమ్మే చోట మక్కీ ఆటా అంటే ఇస్తారు. గిర్నీలో పట్టించుకుంటే ఇంకా మంచిది. కొన్న వెంటనే చిటికెడు నోట్లో వేసుకుని చూడండి. మొక్కజొన్నలో నూనె ఉంటుంది కాబట్టి పాతబడితే పిండి చేదెక్కుతుంది, ఎంత చక్కెర వేసినా ఆ చేదు పోదు.

రవ్వ మాత్రమే దొరికితే వాడుకోవచ్చు, కానీ నీళ్లు ఇంకో 150 మి.లీ. పెంచి 40 నిమిషాలు ఉడికించాలి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు: బ్రిటన్‌లో కార్న్‌ఫ్లోర్ అన్నా గంజి పొడే, అక్కడ 'ఫైన్ పొలెంటా' అని రాసి ఉన్నది తీసుకోండి. అమెరికాలో 'ఫైన్ కార్న్‌మీల్' సరిపోతుంది. 'సెల్ఫ్ రైజింగ్' అని ఉన్నది వద్దు, అందులో బేకింగ్ పౌడర్, ఉప్పు ముందే కలిపేస్తారు. 'మాసా హరీనా' కూడా వద్దు. అది సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్న పిండి, రుచే వేరు. ఐదు నిమిషాల్లో ఉడికే ఇన్‌స్టంట్ పొలెంటా దొరుకుతుంది. అవసరానికి పనికొస్తుంది గానీ రుచి చప్పగా ఉంటుంది.

మిగతా వాటికి బదులు

గ్రాపా అంటే ద్రాక్ష పిప్పి నుంచి తీసే సారా. బదులుగా రమ్ వేయొచ్చు. మద్యం వద్దనుకుంటే అంతే కొలత నారింజ రసం పోయండి, ఏ నష్టమూ లేదు. చిల్గోజా ఖరీదు చూసి వెనకాడితే అక్రోట్ చాలు. నారింజ తొక్క దొరకదని టుటీఫ్రూటీ వేస్తుంటారు. అది ఎక్కువగా రంగు వేసిన బొప్పాయి, తీపి తప్ప వాసన ఉండదు. దాని బదులు ఇంకో పది గ్రాముల అంజీర్, ఇంకో నారింజ తురుము వేయమనే చెబుతాను.

సోంపు మానొద్దు. సోంపు లేని పింత్సా ఆ ఊళ్లవాళ్లకు పింత్సాయే కాదు. అయితే భోజనం తర్వాత నమిలే చక్కెర పూత సోంపు కాదు, వంటసోంపు.

వెన్న బదులు పాతకాలంలో పంది కొవ్వు వాడేవారు, ఇప్పటికీ కొందరు వాడతారు. శాకాహారులు ఇటలీలో పింత్సా కొనేటప్పుడు ఈ ఒక్క మాట అడిగి తెలుసుకోవాలి. పాలు, వెన్న మానేసేవాళ్లు మొత్తం నీళ్లతో ఉడికించి, 65 మి.లీ. వాసన లేని నూనె వేయండి.

తయారీ

1. అంజీర్ సిద్ధం చేయండి. తాడుకు గుచ్చి దండలా అమ్మే అంజీర్ అయితే ముందు తాడు పూర్తిగా లాగేయండి. దాని పోగులు పండులోనే ఉండిపోతుంటాయి. ప్రతి పండునూ రెండుగా చీల్చి లోపల చూడాలి. పురుగు ఉన్నా, నల్లటి పొడిలా కనిపించినా పారేయండి. పైన తెల్లగా ఉంటే భయపడొద్దు, పండులోని చక్కెర బయటికి వచ్చి పూతలా పేరుకుంటుంది. గోరువెచ్చని నీళ్లలో వేస్తే కరిగిపోతుంది. కరగకుండా నూగులా ఉండి ముక్కిన వాసన వస్తే మాత్రం అది బూజు. తొడిమ దగ్గరి గట్టి భాగం కోసేసి, బాగా వేడి నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టండి. తర్వాత చేత్తో పిండి నీళ్లు తీసేసి, శనగగింజ కన్నా కాస్త పెద్ద ముక్కలు కోయండి. పిండడం మరిచిపోతే ఆ నీళ్లన్నీ కేక్‌లోకి వెళ్లి ముక్క చుట్టూ తడి మచ్చలు మిగులుతాయి.

పచ్చి అంజీర్ వేయొచ్చా అని కూడా అడుగుతుంటారు. వద్దు. నీరు ఎక్కువ, కేక్ గట్టిపడదు. పైన అలంకరణకు రెండు చక్రాలు పెట్టుకోండి, అంతవరకే.

2. కిస్‌మిస్ కడిగి, గ్రాపా లేదా నారింజ రసంలో నానబెట్టండి. మిగిలిన రసం పారబోయొద్దు, అదీ పిండిలోకే పోతుంది. సోంపును రోట్లో ఒక్కసారి నలగ్గొట్టండి. పొడి చేస్తే వాసన ఘాటెక్కి మిగతా రుచుల్ని మింగేస్తుంది.

3. పిండి కలపండి. అడుగు మందంగా ఉన్న గిన్నెను ముందు ఖాళీగా తూచి, ఆ బరువు రాసిపెట్టుకోండి. ఎందుకో ఐదో మెట్టులో తెలుస్తుంది. అందులో చల్లటి పాలు, నీళ్లు, ఉప్పు పోసి, మొక్కజొన్న పిండి వేసి కవ్వంతో ఉండలు లేకుండా కలపండి. మరిగే పాలలో పిండి చల్లే పద్ధతి ఇటలీలో అలవాటైన చేతులకు బాగుంటుంది. కొత్తవాళ్లకు ఉండలు కట్టడం ఖాయం. చల్లగా ఉన్నప్పుడే కలిపితే ఆ టెన్షన్ ఉండదు.

4. మధ్యస్థ మంట మీద పెట్టి కలుపుతూనే ఉండండి. ఆరేడు నిమిషాల్లో చిక్కబడుతుంది. ఎక్కువమంది ఆపేసేది సరిగ్గా ఇక్కడే. చిక్కబడిందంటే ఉడికిందని కాదు. మంట తగ్గించి, అప్పటినుంచి ఇంకో 15 నుంచి 20 నిమిషాలు చెక్క గరిటెతో అడుగు నుంచి తిప్పుతూ ఉడికించాలి. రాగి సంకటి కలిపే చేతికి ఈ పని కొత్తేమీ కాదు. అదే బరువు, అదే అడుగంటే ప్రమాదం. బుడగలు పేలి చేతిమీద పడితే కాలుతుంది, పొడవాటి గరిటె వాడండి. అడుగంటిన వాసన వస్తే గోకకండి. పై భాగాన్ని వేరే గిన్నెలోకి వంపేసుకుని కొనసాగించండి.

5. ఉడికిందో లేదో మూడు విధాలుగా చూడండి. కొంచెం చల్లార్చి నాలుక మీద వేసుకుని పై అంగిలికి నొక్కితే ఇసుకలా గరగర తగలకూడదు. గరిటెతో తిప్పినప్పుడు ముద్ద గిన్నె గోడల్ని వదలాలి. మూడోది, నేను బాగా నమ్మేది, బరువు. గిన్నెతో సహా తూచి, ముందు రాసుకున్న బరువు తీసేస్తే 800 నుంచి 850 గ్రాములు రావాలి. 900 దాటితే నీరు ఎక్కువ ఉన్నట్టే, ఇంకాస్త ఉడికించండి. 750 కన్నా తగ్గితే కొంచెం వేడి పాలు కలపండి. మొక్కజొన్న రవ్వతో చేసినా ఇదే లెక్క.

6. పొయ్యి ఆపి వెన్న, చక్కెర వేసి కలపండి. చక్కెర కరగగానే ముద్ద పలచబడుతుంది. తప్పేం కాదు, అలాగే ఉండాలి. ఇప్పుడు కిస్‌మిస్ రసంతో సహా, అంజీర్, చిల్గోజా లేదా అక్రోట్, నారింజ తొక్క, తురుము, సోంపు వేయండి. ఆపిల్‌ను తురమకుండా అర అంగుళం ముక్కలు కోసి వేయండి, తురిమితే నీరు వదులుతుంది.

7. గోరువెచ్చగా అయ్యేదాకా ఆగండి. మధ్యమధ్యలో కలపకపోతే పైన తెట్టు కట్టి తర్వాత ఉండలుగా తగులుతుంది. వేలు పెడితే హాయిగా ఉంచగలగాలి. వేడి ముద్దలో బేకింగ్ పౌడర్ వేస్తే దాని బలం అప్పుడే సగం ఖర్చైపోతుంది. అలాగని పూర్తిగా చల్లారనిస్తే గట్టిపడి మైదా కలవదు.

8. మైదా, బేకింగ్ పౌడర్ కలిపి జల్లించి, రెండు విడతలుగా వేసి గరిటెతో కలపండి. గరిటె నిలబెడితే మెల్లగా ఒరగాలి. వెంటనే పడిపోతే పలచన, ఇంకో రెండు చెంచాల మైదా వేయండి.

9. టిన్‌లో బటర్ పేపర్ పరిచి ముద్దను సర్దండి. ఎత్తు 4 సెంటీమీటర్లు దాటకూడదు. చిన్న, లోతైన టిన్‌లో కుక్కితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. తడి చేత్తో పైన చదును చేసి, కరిగించిన వెన్న ఒక చెంచా పూయండి. పాత పద్ధతి చూడాలనుకుంటే క్యాబేజీ పెద్ద ఆకుల్ని వేడినీళ్లలో ఒక నిమిషం ముంచి, తుడిచి, బటర్ పేపర్ బదులు పరవండి. అడుగు భాగం తేమగా ఉంటుంది, తినేముందు ఆకు తీసేయాలి.

10. ఓవెన్‌ను 180 డిగ్రీలకు ముందే వేడి చేసి, మధ్య అరలో 65 నుంచి 75 నిమిషాలు కాల్చండి. ఓటీజీలో పైనా కిందా రాడ్లు రెండూ వేయాలి. ఫ్యాన్ ఉన్న ఓవెన్, మైక్రోవేవ్ కన్వెక్షన్ అయితే 170 చాలు. 45 నిమిషాల దగ్గర ఒకసారి చూడండి. అప్పటికే పైన బాగా ఎర్రబడితే ఫాయిల్ వదులుగా కప్పండి. అంజీర్ ముక్కలు పైకి తేలి ఉంటే చక్కెర వల్ల అవి ముందు మాడి చేదెక్కుతాయి, కాబట్టి సర్దేటప్పుడే వాటిని లోపలికి నొక్కేయండి.

ఓవెన్ లేకపోతే మందపాటి ఇనుప లేదా అల్యూమినియం కడాయి అడుగున స్టాండ్ పెట్టి, మూతతో పది నిమిషాలు వేడి చేసి, టిన్ పెట్టి చిన్న మంట మీద 80 నుంచి 90 నిమిషాలు ఉంచండి. నాన్‌స్టిక్ కడాయిని ఇలా ఖాళీగా వేడి చేయకూడదు. ప్రెషర్ కుక్కర్ వాడితే గ్యాస్‌కెట్, విజిల్ తీసేయాలి. ఇలా చేస్తే పై భాగం ఎర్రబడదు. చల్లారాక ముక్కలు కోసి పెనం మీద నేతితో రెండు వైపులా కాల్చుకుంటే ఆ లోటు తీరుతుంది.

కాలిందని ఎలా తెలుస్తుంది

మామూలు కేక్‌లా టూత్‌పిక్ పొడిగా రావాలని చూస్తే మీరు దీన్ని మాడ్చేస్తారు. పుల్లకు తడి రవ్వలు అంటుకోవడం సహజం. పచ్చి పిండిలా జారుతూ అంటుకోకపోతే చాలు. పుల్ల అంజీర్ ముక్కలో దిగితే జిగురుగానే వస్తుంది కాబట్టి మూడు చోట్ల గుచ్చి చూడండి. అంచులు టిన్‌ను కాస్త వదిలి ఉండాలి, నడిమి భాగం వేలితో నొక్కితే గట్టిగా తగలాలి. థర్మామీటర్ ఉంటే మధ్యలో 95 డిగ్రీలు దాటిందో లేదో చూడండి.

తర్వాతది ఓపిక పని. టిన్‌లోనే పూర్తిగా చల్లారనివ్వాలి, కనీసం నాలుగైదు గంటలు. ఉడికిన మొక్కజొన్న పిండి చల్లారాకే బిగుసుకుంటుంది. వేడిగా కోసి "లోపల ఉడకలేదు" అనుకున్నవాళ్లలో చాలామంది కేకులు నిజానికి సరిగ్గానే ఉడికి ఉంటాయి. మర్నాడు కోస్తే ముక్క శుభ్రంగా వస్తుంది, సోంపు వాసన కూడా బాగా పట్టి ఉంటుంది. ఈ రాత్రి చేసి రేపు తినడమే నా సలహా.

తేడా వస్తే ఎక్కడ చూడాలి

మర్నాటికి కూడా ముద్దగా ఉందంటే పొయ్యి మీద నీరు ఇగరలేదు. ఆ కేక్‌ను పారేయకండి. అంగుళం మందం ముక్కలు కోసి, 160 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు మళ్లీ కాల్చండి. అంచులు కరకరలాడుతూ లోపల మెత్తగా వస్తాయి.

గరగరలాడుతుంటే పిండి ముతక, లేదా ఉడికించిన సమయం చాలలేదు. దీన్ని తర్వాత బాగుచేయలేం. పొడిపొడిగా రాలితే ఎక్కువ కాలింది, లేదా పిండిని మరీ గట్టిగా ఇగరబెట్టారు. వేడి పాలు చిలకరించి మూత పెట్టి ఉంచితే కొంత మెత్తబడుతుంది. పండ్లన్నీ అడుగుకు చేరితే మొక్కజొన్న ముద్ద పలచగా ఉందని అర్థం. చేదు వచ్చిందంటే కారణాలు మూడు: పాత పిండి, అడుగంటిన ముద్ద, నారింజ తొక్కలోని తెల్ల భాగం తురుములో పడటం.

గోధుమ పడనివాళ్ల కోసం మైదా మానేసి అంతే బరువు మొక్కజొన్న పిండి వేసి, ఒక గుడ్డు కలపండి. ముక్క కాస్త విరుగుతుంది కానీ రుచి తగ్గదు. పిండి ప్యాకెట్ మీద, బేకింగ్ పౌడర్ డబ్బా మీద గోధుమ లేదని రాసి ఉందో లేదో చూసుకోవాలి.

నిల్వ

వెనెతో జనవరి చలిలో ఇది బయటే మూడు నాలుగు రోజులు ఉంటుంది. పాలు, ఆపిల్ ఉన్న తడి కేక్ కాబట్టి మన వేడికి ఒక్క రోజే బయట ఉంచండి, తర్వాత ఫ్రిజ్‌లో ఐదు రోజులు. ఫ్రిజ్‌లో గట్టిపడుతుంది, తినేముందు పెనం మీద చిన్న మంటపై రెండు నిమిషాలు వెచ్చబెట్టాలి. ఫ్రీజర్‌లో పెట్టేటప్పుడు ముక్కల మధ్య బటర్ పేపర్ వేయండి, లేకపోతే అంజీర్ జిగురుకు ఒకదానికొకటి అతుక్కుని విడదీయడం కష్టమవుతుంది. నెల దాకా బాగుంటాయి. బయట పెట్టి గంటన్నర కరగనిచ్చాకే వేడి చేయండి.